కొసలు దాచిన పట్టు

శోణధార అంటే ఏరూ అదే, రాజ్యమూ అదే. మేఘకూట పర్వతాల్లో, ఏనుగుల మందలు తిరిగే చీకటి లోయల్లో పుట్టిన ఆ ఏరు నురగలు కక్కుతూ కొండలు దూకుతుంది. రాజధాని చేరేసరికి నెమలికంఠం రంగుకు తిరిగి, కోట బురుజుల నీడలను, బంగారు కలశాల మెరుపులను, రాచపడవల హంసముఖాలను అద్దంలా మోస్తుంది. అక్కడినుంచి కిందికి జారి రేగుపల్లె మలుపు దగ్గరికి వచ్చేటప్పటికి దాని ఆర్భాటమంతా అణిగిపోయి, మేత ముగించిన ఆవులా మెల్లగా నడుస్తుంది.

ఆ మలుపులో పాత పడవల కొట్టం ఒకటి ఉంది. దానికి మూడు వైపులా గోడలు లేవు. వెలుతురు ఎటునుంచైనా వచ్చి పడుతుంది కాబట్టి, పడవలు బాగుచేసేవాళ్లు వదిలేశాక సూదివాళ్లు దాన్ని తీసుకున్నారు. సూదివాళ్లు అంటే ఆ పల్లెలో కుట్టుపని చేసే ఆడవాళ్ల గుంపు. ఇంటి పనులు తెమిలాక అక్కడ చేరి, పెద్ద చట్రం చుట్టూ కూర్చుని, ఒకే గుడ్డ మీద అందరూ కలిసి కుట్టేవారు. పల్లెలో బిడ్డ పుడితే ఉయ్యాల గుడ్డ మీద చిలకలు కుట్టి ఇచ్చేవారు. వానలకు ముందు ఏటితల్లి పడవకు తెరచాప కుట్టేవారు. వాళ్లు కుట్టిన పిచ్చుకలను చూసి పసిపిల్లలు చప్పట్లు కొట్టి తోలబోయేవారని చెప్పుకుంటారు.

ఆ పొద్దున సంపంగి కొట్టానికి వచ్చేటప్పటికి చట్రం దగ్గర ఎవరూ లేరు. అందరూ ఒడ్డున నిలబడి ఏటి నడుమకు చూస్తున్నారు. అక్కడ ఆమె అన్న మారన పడవ తనంతట తాను గుండ్రంగా తిరుగుతోంది. గడ పడవలోనే అడ్డంగా పడి ఉంది. తలగుడ్డ కొయ్యకు వేలాడుతోంది. మారన లేడు.

మొసలి పట్టుకుపోయి ఉంటుందని ఒకరన్నారు. అప్పటికే గానుగ నడిపే తిప్పడు మాయమై ఉన్నాడు. ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతూనే ఉంది, తోలే మనిషి మాత్రం లేడు. అతనికన్నా ముందు కొట్టంలో పడుకునే మచ్చల కుక్క కనబడకుండా పోయింది. ఏటి మొసలి గానుగ దాకా ఏ దారిన నడిచి వచ్చిందని ఎర్రసాని అడిగింది. ఎర్రసాని నోరు కత్తెరలాంటిదని పల్లెలో అందరికీ తెలుసు. ఆ పూట ఆ నోరు కూడా వణికింది.

సంపంగి ఏడవలేదు. తల్లీ తండ్రీ ఏటి జ్వరంలో పోయాక ఆమెను పెంచింది మారనే. పడవలో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించాడు, గడ తిప్పుతూ పొరపాటున నొసట కొట్టి మచ్చ చేశాడు, ఆ మచ్చ చూసినప్పుడల్లా ఇక నిన్నెవరు చేసుకుంటారే అని నవ్వేవాడు. నిన్న సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి, నీ ముఖం పట్టులో ఎక్కించాను, కళ్లు కూడా పెట్టేశాను అని చెప్పింది. ముక్కు నాదే పెట్టావా, నీ ముక్కు నాకు అంటించావా అని అడిగి, అతను ఏటికి వెళ్లిపోయాడు. అదే చివరి మాట.

ఆ మాట గుర్తొచ్చి ఆమె ఒడ్డు వదిలి కొట్టంలోకి నడిచింది.

చట్రం మీద ఆకాశమంత నల్లని పట్టు బిగించి ఉంది. దాని అడుగున నూలు అస్తరు, అంచులన్నీ మూసి కుట్టేసినవి. ఒక వర్తకుడు, పచ్చని తలపాగా, తేనెలాంటి మాట ఉన్న శెట్టి, ఆ పట్టునూ ఎర్రగా నిప్పుకణికల్లా మెరిసే దారపు ఉండలనూ తెచ్చి ఇచ్చాడు. కొత్త రాజుగారి పట్టాభిషేకానికి వేట డేరా కావాలన్నాడు. గుర్రాలు, కుక్కలు, జెండావాళ్లు, డప్పులవాళ్లు, నడుమ తెల్లగుర్రం మీద ఒక రౌతు. ఎవరి ముఖం ఎక్కడ ఉండాలో ఒక పలక మీద రంగులతో గీసి ఇచ్చి, ముఖాలు తేడా రాకూడదని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

సూదివాళ్లు తల ఊపారు. పలకను దూలానికి తగిలించారు. ముఖాలు మాత్రం తమ పద్ధతిలోనే కుట్టారు. కళ్లారా చూడని ముఖానికి కన్ను కుట్టే అలవాటు వాళ్లకు లేదు. అలా కుడితే ఆ బొమ్మ గుడ్డిదవుతుందని పెద్దవాళ్లు చెప్పారు, వాళ్లు నమ్మారు. ఏ రాజు డేరా కుట్టినా, ఏ దేవుడి పల్లకీ గుడ్డ కుట్టినా, అందులో రేగుపల్లె ముఖాలే ఉండేవి. ఈసారి ముందు నడిచే వేటకుక్కకు కొట్టంలో పడుకునే కుక్క మచ్చలు వచ్చాయి. డప్పు కొట్టేవాడికి ఎర్రసాని చేతిలో గానుగ తిప్పడి బుగ్గలు వచ్చాయి. జెండా పట్టినవాడు మారన.

సంపంగి వంగి చూసింది. జెండాకర్రను తను నిటారుగా కుట్టింది. అదిప్పుడు ఏటవాలుగా ఉంది, లోతు నీళ్లలో పడవను నెట్టేవాడి చేతిలో గడలాగా. బతికున్నప్పుడు ఎలాగూ నోరు మూయడు, బొమ్మలోనైనా మూద్దామని ఆమె పెదవులు కలిపి కుట్టింది. ఇప్పుడా నోరు తెరుచుకుని ఉంది. పిలుస్తున్నట్టుగా ఉంది.

ఆమె చెప్పింది మొదట ఎవరూ నమ్మలేదు. సూదివాళ్లకు పెద్ద కొమ్మసాని అవ్వ. చూపు సగం పోయినా వేలికొసలతో కుట్టు చదవగలదు. ఆమె వచ్చి జెండాకర్ర మీద వేలు పెట్టి నడిపింది, మళ్లీ నడిపింది. తరువాత తిప్పడి డప్పు మీద చెయ్యి ఉంచి, లోపల్నుంచి అదురుతోందని మాత్రం అంది.

అది వినగానే ఎర్రసాని ఆగలేకపోయింది. తిప్పణ్ణి కుట్టింది ఆమె, కుక్కను కుట్టిందీ ఆమే. కత్తెర తీసి, కొమ్మసాని వద్దంటున్నా వినకుండా, కుక్క కంటి దారాన్ని, మెడ దారాన్ని, కాళ్ల దారాలను టకటకా కోసేసింది. పట్టు ఒక్కసారి ఉబ్బింది. మచ్చల కుక్క అరుస్తూ నేల మీద పడింది, లేచింది, కుంటుతూ ఎర్రసాని దగ్గరికే వచ్చి తోకాడించింది. దాని వెనక కాలు ఒకటి రాలేదు. కత్తెర సరిగా తెగకోయని చోట ఆ కాలు ఇంకా పట్టు మీదే ఉంది, ఎర్రటి కుట్లలో, పరిగెడుతున్నట్టు.

ఎర్రసాని కత్తెర ఏట్లోకి విసిరేసింది. తన పైట చించి కుక్కకు కట్టు కడుతూ కూర్చుండిపోయింది.

కోస్తే కోసుకుపోతారు, విప్పాలి అని కొమ్మసాని చెప్పింది. విప్పడమంటే కుట్టిన చెయ్యే విప్పాలి. ఒక్కో చేతికి ఒక్కో బిగువు ఉంటుంది, ఒకరి కుట్టు మరొకరు లాగితే దారం పీచులవుతుంది. చివరి కుట్టు నుంచి వెనక్కి, కొస పట్టుకుని రావాలి. అంతవరకూ అందరికీ తెలిసిందే. కానీ ఆ కొసలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. గుడ్డ మీద కొస కనబడితే సూదివాళ్లకు తలవంపులు. పట్టుకూ అస్తరుకూ మధ్య, రెండు పొరల నడుమకు సూది జార్చి, కొసను లోపలే వదిలి, వేలితో నిమిరి మాయం చేస్తారు. ఎంత బాగా దాస్తే అంత పేరు. దాచిన మనిషికే అది మళ్లీ దొరకదు.

సంపంగి మారన ముఖం చుట్టూ గోటితో వెతికింది. ఆమె కొసలు దాచడంలో నేర్పరి అని నిన్ననే అవ్వ మెచ్చుకుంది. గోరు చిట్లింది గానీ కొస దొరకలేదు.

అప్పుడు మూలన కూర్చున్న జోగమ్మ లేచింది. ఆవిడ కొన్నాళ్ల కింద ఏరు దాటి వచ్చి, తలమీద ముసుగు తీయకుండా, రెండు పూటల కూటికి పనిచేస్తానని చేరింది. పని అంటే సూదిలోకి దారం ఎక్కించడం కూడా రాలేదు. నీ చేతికి సూది కాదు, గునపం కావాలి జోగమ్మా అని ఎర్రసాని రోజూ ఆడిపోసుకునేది. ఇప్పుడా జోగమ్మ దూలానికి తగిలించిన పలకను దించి, దాని మీది ముఖాలను మొదటిసారి దగ్గరగా చూసి, తల మీది ముసుగు తీసేసింది.

కింద ఉన్నది మగవాడు. కత్తి దెబ్బ మానిన చెంప, నిద్రలేని కళ్లు. సంపంగికి ఆశ్చర్యం కలగలేదు. ఏటి దగ్గర ముఖం కడుక్కునేటప్పుడు ఆమె చూసింది, ఎవరికీ చెప్పలేదు. మిగతావాళ్లు పైటలు సర్దుకున్నారు. ఎర్రసాని మాత్రం గునపం మాట గుర్తొచ్చి తల దించుకుంది.

అతను జయకేతుడు, చనిపోయిన రాజుగారి కొడుకు. సింహాసనం మీదికి పాకాలని చూస్తున్న మాంత్రికుడు కాలజంఘుడి నుంచి తప్పించుకుని వేషం మార్చుకున్నవాడు. పలక మీద ఉన్నవి తనవైపు నిలిచిన సేనానుల ముఖాలని, తెల్లగుర్రం మీది ముఖం తనదని అతను చెప్పాడు. ఆ దారంతో కన్ను కుడితే మనిషి పట్టులోకి పోతాడు, అందరినీ పట్టులోకి లాగి ఒక్కసారే కాల్చేద్దామని వాడి ఎత్తు. వాళ్లకు రావలసింది మీవాళ్లకు వచ్చింది అన్నాడు. ఆ మాట అంటూ అతను ఎవరి ముఖంలోకీ చూడలేకపోయాడు.

"మీ ముఖాలు మీరు దాచుకుని తిరుగుతున్నారు బాబూ," అంది కొమ్మసాని మెల్లగా. "మా ముఖాలు దాచుకునే చోటు మాకేదీ?"

అంతలోనే ఏటి మీద వెలుగు ఆరిపోయింది.

పడమటి నుంచి నల్లని మేఘాలు కాటుక కొండల్లా కదిలి వచ్చాయి. కొంగలు బారులు తెంచుకుని చెల్లాచెదురయ్యాయి. ఏటి నీళ్లు ఆగి, ఉడికే పాకంలా బుడగలు పోశాయి. ఆ బుడగల మధ్య నుంచి, తెడ్లు లేకుండా, గాలి లేకుండా, ఎదురునీటికి ఈదుతూ ఒక పడవ వచ్చింది. దాని ముక్కు గుడ్లగూబ తల. తెరచాప గబ్బిలం రెక్క. దానిలో ఇనుప ముసుగుల సైనికులు, వాళ్ల నడుమ పచ్చని తలపాగాతో శెట్టి.

సంపంగి అతని వంక చూడలేదు. సైనికులు ముందు ఏం దించుతున్నారో చూసింది. గుగ్గిలం కుండలు దించారు, ఎండుతాటాకుల మోపులు దించి ఒడ్డున పేర్చారు. ఇంకా ఎవరూ పట్టు చూడలేదు, ఏ ముఖం ఎలా వచ్చిందో అడగలేదు. మంట మాత్రం ముందే సిద్ధం చేసుకుని వచ్చారు. ఆ సంగతి ఆమె మనసులో ఒక ముడిలా పడిపోయింది.

జయకేతుడు మళ్లీ ముసుగు కప్పుకుని ఆడవాళ్ల మధ్య కూర్చున్నాడు. శెట్టి లోపలికి వచ్చి, చేతులు కట్టుకుని, పట్టు చుట్టూ తిరిగాడు. తిరుగుతున్నకొద్దీ అతని తేనెగొంతు ఎండిపోయింది. ఒళ్లు సాగింది. పచ్చని తలపాగా జటలుగా విడిపోయి భుజాల మీద పడింది. మోకాళ్లు ముందుకు విరిగి, కొంగకాళ్లలాంటి పొడుగు పిక్కలు బయటపడ్డాయి. ముఖం మాత్రం ఏమీ రాయని పలకలా నున్నగా, కనుబొమలు లేకుండా ఉంది. కాలజంఘుడు కోపంగా అరవలేదు. అదే భయంగా ఉంది.

వీళ్లెవరని అడిగాడు. మా ఊరివాళ్లని కొమ్మసాని చెప్పింది. చూడని ముఖాలు మేం కుట్టమని, అది అడిగి ఉంటే ముందే చెప్పేవాళ్లమని కూడా చెప్పింది. అతను ఇంత చిన్న సంగతికి తన పని చెడుతుందని అనుకోలేదన్నాడు. అప్పుడు నడుమ ఉన్న తెల్లగుర్రాన్ని చూశాడు. దాని మీది రౌతుకు ఇంకా ముఖం లేదు.

"ఈ రౌతును కుట్టిందెవరు?"

"నేనే," అంది సంపంగి.

"పలక చూసి ముఖం పెట్టు. జయకేతుడి ముఖం. కన్ను పడిన మరుక్షణం మీవాళ్లను వదిలేస్తాను. లేదంటే పట్టును ఇలాగే మంటలో వేస్తాను. మీవాళ్లు కాలుతున్నప్పుడు వాసన మీకే తెలుస్తుంది."

సంపంగి సరేనంది. ముఖం కుట్టేటప్పుడు చట్రాన్ని బోర్లా వేయాలని, సాయం పట్టమని సైనికులను అడిగింది. ముఖంలోకి నేరుగా సూది గుచ్చకూడదన్నది వాళ్ల కట్టుబాటు. పట్టు కిందివైపు ఉండేలా తిప్పి, అస్తరు మీదినుంచి సూది దించి, కింద నేల మీద కంచు అద్దం పెట్టి, అందులో చూసుకుంటూ కుడతారు. పైన నిలబడ్డవాళ్లకు చిక్కుపడ్డ దారాలు తప్ప ఏమీ కనబడవు. ముఖం అద్దానికీ, కుట్టే మనిషికీ మాత్రమే తెలుస్తుంది. ఇంకా తెలిసేది ఎదురుగా కూర్చున్న మనిషికి, ఆ మనిషి వంగితే.

ఎదురుగా ఎర్రసాని కూర్చుంది. పక్కన జోగమ్మ.

సూదిలోకి ఎర్రదారం ఎక్కిస్తుండగా జోగమ్మ చెవిలో గుసగుసలాడింది. "నాదే కుట్టమ్మా. నా ముఖం నువ్వు చూశావు. నా వల్ల వచ్చిన కష్టం నాతో పోనీ."

సంపంగి తల అడ్డంగా ఊపింది. ఇతన్ని ఇస్తే మారన వస్తాడని నమ్మగలిగితే ఆమె కుట్టి ఉండేదేమో, తనకే తెలియదు. కానీ గుగ్గిలం కుండలు ఒడ్డునే ఉన్నాయి. ఇతని ముఖం కుట్టినా మంట మంటే. మారన కొస బయట దొరకదు. అది ఉన్నది రెండు పొరల నడుమ. అక్కడికి మనిషి పోవడానికి ఒకే దారి ఉంది.

ఆమె అద్దంలోకి వంగింది. ముఖం లేని రౌతు పక్కన, కంచులో, తన ముఖం కనబడింది.

కాడకుట్టుతో చుబుకం గీత వేసింది. బుగ్గలకు పలచటి నింపుడు కుట్టు. పెదవులు. రాచబిడ్డకు ఉండే మీసం ఎక్కడా రాలేదు. మారన ఎగతాళి చేసే ముక్కు వచ్చింది. నుదుటి మీద, ఎడమ కనుబొమకు పైన, ఒక చిన్న అడ్డగీత వచ్చింది. గడ దెబ్బ.

ఎర్రసాని దారం అందించబోయి వంగింది. అద్దంలో చూసింది. ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. అప్పుడే కాలజంఘుడు చూద్దామని చట్రం వైపు అడుగు వేశాడు.

"అయ్యా, నీడ పడుతోంది, కాస్త ఆ పక్కకు నిలబడండి," అంది ఎర్రసాని, ఎప్పటి గొంతుతోనే. అతను ఆగకపోయేసరికి లేచి నిలబడింది. ఈ గుడ్డ ముట్టుకున్నప్పటి నుంచీ నాకు తలనొప్పి అంది. తన పసుపుదారం ఉండ కొమ్మసాని దొంగిలించిందని అంది. అవ్వ ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే అర్థం చేసుకుని, పోయిన జన్మలో నీకు పెట్టిన అన్నం దండగని ఎత్తుకుంది. మిగతావాళ్లు చెరో పక్షం చేరారు. పాత పెళ్లిళ్లలో ఎవరు ఎవరిని పీట మీద కూర్చోనివ్వలేదో దాకా వెళ్లింది గొడవ. మూడు కాళ్ల కుక్క మొరిగింది. సైనికులు ఈటెలు ఎత్తారు గానీ ఎవరిని పొడవాలో వాళ్లకు తెలియలేదు. కాలజంఘుడు జీవితంలో ఎన్నో భూతాలను లొంగదీసుకున్నాడు, ఇలాంటిది చూసి ఉండడు. నోళ్లు మూయమని అటు తిరిగాడు.

ఆ సందున సంపంగి ఎడమ కన్ను కుట్టింది. కాళ్లు మొద్దుబారాయి. చూస్తే పాదాలు ఎర్రటి దారాల్లా పలచబడుతున్నాయి.

కుడి కంటికి కావలసింది ఒక్క కుట్టు. ఆమె సూది దించి, లాగి, అలవాటు చొప్పున కొసను పొరల మధ్యకు జార్చబోయింది. చెయ్యి తనంతట తనే అటు వెళ్లింది. బలవంతంగా వెనక్కి లాక్కుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె గుడ్డ బయట కొస వదిలింది. దాన్ని పొడుగ్గా ఉంచి జోగమ్మ చేతికి చుట్టింది.

"వదలొద్దు," అంది. "నేను లాగితే లాగండి."

దారం ఎక్కించడం కూడా రాని ఆ పెద్ద చెయ్యి గట్టిగా ముడుచుకుంది. సంపంగి వేరే సూదిని పళ్ల మధ్య కరుచుకుని, కంటి కుట్టును బిగించింది.

పడుతున్నట్టు లేదు, నీళ్లలోకి దిగుతున్నట్టు ఉంది. కొట్టంలోని గోల దూరమైంది. చట్రం బోర్లా ఉంది కనుక కిందంతా నల్లని పట్టు నేల, వెల్లకిలా పడుకున్న రాత్రిలాగా. పైన నూలు అస్తరు, మబ్బు పట్టిన తెల్లని ఆకాశం. ఆ రెంటికీ మధ్య, ఎటు చూసినా కొసలు. ఎర్రవి, పసుపువి, ఆకుపచ్చవి, వాన ఆగిపోయి చినుకులు గాలిలోనే నిలిచినట్టు వేలాడుతున్నాయి. సూదివాళ్లు ఇన్నాళ్లు దాచిన సిగ్గంతా అక్కడ ఉంది. ఎంత అందంగా ఉందో. ఆమె నడుముకు తన సొంత దారం చుట్టుకుని పైకి, అస్తరు దాటి వెళ్లిపోతోంది, బిగుతుగా.

"ఇక్కడికీ వచ్చావా?" అంది ఒక గొంతు. "ఇంట్లో పొయ్యి ఆర్పి వచ్చావా లేదా?"

మారన నడుము దాకా పట్టులో పాతుకుని ఉన్నాడు. చేతిలో జెండాకర్ర పట్టుకుని నేలను నెట్టడానికి చూస్తున్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గానీ పెదవుల చుట్టూ కుట్ల గుర్తులు లాగాయి. సంపంగి అతని తల వెనక వెతికింది. తన కొసను తాను ఇట్టే పోల్చుకుంది. పట్టి లాగింది. కుడి కన్ను విడిపోయింది, తరువాత ఎడమ. మారన కనుబొమల దగ్గర నుంచి గాలిలో కలిసిపోతూ, చివరి పెదవి పోయేలోపు, నువ్వూ రావే అన్నాడు. అంతే, అతను లేడు. బయట, ఎక్కడో, పెద్ద చప్పుడుతో ఎవరో మనిషి నేల మీద పడ్డట్టు వినబడింది.

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. వచ్చిన పని అయిపోయింది. దారం లాగితే చాలు.

గానుగ తిప్పడు పక్కనే ఉన్నాడు. డప్పు కొట్టీ కొట్టీ అరచేతులు దారపు పీలికలైపోయాయి. అతను ఆమె వంకే చూశాడు. కానీ అతని కొస ఎర్రసానిది. సంపంగి లాగితే పీచులవుతుంది.

చుట్టూ వెచ్చబడింది. గుగ్గిలం వాసన లోపలికి వచ్చింది. అస్తరు ఆకాశం ఒక మూల నుంచి కుంకుమ రంగుకు తిరుగుతోంది.

ఆమె పళ్ల మధ్య నుంచి సూది తీసింది. ఎర్రసాని కొసను వెతికి పట్టి, సూదికి ఎక్కించి, దాన్ని వెనక్కి లాగకుండా, పైకి, అస్తరుకు గుచ్చి, బయటి వెలుగులోకి నెట్టింది. సూదిని వెనక్కి తీసుకుంది, కొసను అక్కడే వదిలింది. బయట ఆ కొస ఎవరికి కనబడుతుందో, ఎవరైనా చూసే స్థితిలో ఉన్నారో లేదో తెలియదు. ఆమె లోపలున్న దారం మీద వేలు ఉంచి చూసింది. కొస గాలిలో వణికింది. ఎవరూ పట్టుకోలేదు. మళ్లీ వణికింది. అప్పుడు పైనుంచి ఒక్క కుదుపు వచ్చింది, మొరటుగా, తొందరగా, తిట్టుకుంటూ లాగినట్టు. ఆ కుదుపు రేగుపల్లెలో ఒక్క మనిషికే ఉంది. తిప్పడి ఎడమ కన్ను విడిపోయింది.

కుక్క కాలు ఇంకా అక్కడే, పట్టు మీద పరిగెడుతూ ఉంది. దాని కొస ఎక్కడ ఉందో వెతకాలి. ఆమె అటు తిరగబోయింది.

నడుము చుట్టూ ఉన్న దారం వదులైంది.

ఆమె దాన్ని లాగింది. బరువు లేదు. ఇంకా లాగింది. అస్తరులోంచి జారుతూ, మూర తరువాత మూర, దారం ఆమె చేతుల్లోకి వచ్చి పడింది. చివర పట్టుకునే చెయ్యి లేదు. కొస నల్లగా మాడి ఉంది.

పైన కత్తులు తగిలిన చప్పుడు. జయకేతుడి గొంతు, ఆమె పేరు కాదు, ఇంకేదో అరిచింది. తరువాత మంట చిటపటలు తప్ప ఏమీ లేదు. అస్తరు ఆకాశం సగం దాకా ఎర్రబడింది.

సంపంగి మాడిన కొసను గోటితో తుంచేసింది. మిగిలిన మంచి దారాన్ని వేళ్ల మధ్య తడిపి, సన్నగా నులిమి, సూదిలోకి ఎక్కించింది. తన కుడి కన్ను కుట్టు ఎక్కడుందో ఆమెకు తెలుసు, దాన్ని లోపలినుంచే వెనక్కి విప్పుకుంటే తనూ బయటపడొచ్చు. ముందు కుక్క కాలి దగ్గరికి నడిచింది.